నేను కొనిచ్చిన మాత్రలు

'అమ్మాయ్, నా సంచిలో మాత్రల స్ట్రిప్ కనిపించిందా?'

అర్ధరాత్రి దాటాక అమ్మ మా గది గుమ్మంలో నిలబడి అడిగింది. రెండేళ్ల కిందటి మాట. బాబు పుట్టినరోజుకని తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చింది. వచ్చిన రెండోరోజు నుంచే ఒంట్లో బాగాలేదు. ముక్కు కారుతోంది, ఒకటే ఆవలింతలు, చెమటలు. నాలుగుసార్లు విరేచనాలయ్యాయి. కాళ్లు ఒకచోట నిలవటం లేదంటూ హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. 'నీళ్లు పడలేదేమో, వైరల్ జ్వరమేమో' అనుకుని ఓఆర్‌ఎస్ కలిపిచ్చాం.

సంచంతా వెదికినా స్ట్రిప్ దొరకలేదు. ఊళ్లోనే మర్చిపోయింది. తెల్లవారాక మా ఆయన వీధి చివరి మందుల షాపులో పాత చీటీ ఫొటో చూపించి తెచ్చారు. మాత్ర వేసుకున్న కాసేపటికి చెమటలు తగ్గాయి. మధ్యాహ్నానికి అమ్మ మామూలు మనిషైపోయింది. మనవడితో బొమ్మ బస్సు నడిపింది.

నాకు మాత్రం అప్పుడే భయమేసింది. నడుంనొప్పి మాత్రకు విరేచనాలు ఆగటమేంటి?

అమ్మ ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కింది. తమ్ముడి చదువు, నా చదువు ఆ మిషన్ మీదే గడిచాయి. చివరికి నడుములో డిస్కు అరిగింది. డాక్టరుగారు రెండు వారాలకు మాత్రలు రాశారు. ఆ రెండు వారాల చీటీ ఆరేళ్లు నడిచింది! మొదట రోజుకు రెండు మాత్రలు, తర్వాత మూడు, ఆ పైన నాలుగు. 'పిన్నిగారి మాత్రలే కదా' అంటూ షాపబ్బాయి చీటీ అడక్కుండానే ఇచ్చేసేవాడు. అతన్ని అనటానికి నాకేం అర్హత ఉంది? ఊరెళ్లిన ప్రతిసారీ మూడు నెలలకు సరిపడా కొనిచ్చి, కూతురిగా నా బాధ్యత తీరిందనుకున్నది నేనే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. అంతకుముందే నేను అమెరికాలో నొప్పి మందులు తెచ్చిపెట్టిన అనర్థం మీద ఓ పెద్ద వ్యాసం రాశాను. 1996లో ఆక్సీకాంటిన్ మార్కెట్లోకి రావటం, 'అలవాటు పడేది చాలా తక్కువమందే' అంటూ డాక్టర్లను నమ్మించటం, 2007లోనూ 2020లోనూ ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకోవటం... అన్నీ రాశాను. అమ్మ స్ట్రిప్ వెనక ఉన్న అక్షరాలు మాత్రం ఒక్కసారీ చదవలేదు.

ఆ రోజు చదివాను. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్ర.

నొప్పికి వైద్యం చేసే నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అమ్మకు వంటింటి భాషలోనే చెప్పారు. 'గసగసాల కాయ నుంచి నల్లమందు వస్తుంది కదమ్మా. అది మెదడులో ఏ తాళాలు తెరుస్తుందో, ఫ్యాక్టరీలో చేసిన ఈ మందూ అవే తాళాలు తెరుస్తుంది.'

'నల్లమందా? నేనా?' అంది అమ్మ. కళ్లనిండా నీళ్లు.

అప్పుడాయన చెప్పిన మాట మా ఇంటిల్లిపాదికీ అవసరమైంది. ఒంటికి మందు అలవాటవటం వేరు, మనిషి మందుకు బానిసవటం వేరు. నెలల తరబడి రోజూ వాడితే ఎవరి ఒళ్లయినా దానికి అలవాటు పడుతుంది. పాత మోతాదు చాలదు. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. అందులో అమ్మ తప్పేం లేదు.

తర్వాత ఒక్కొక్కటే ప్రశ్నలు వేశారు. మలబద్ధకం ఉందా? అమ్మ నాలుగేళ్లుగా ఇసాబ్‌గోల్ తాగుతోంది. పగలు మగతగా ఉంటుందా? మధ్యాహ్నం సీరియల్ మొదలవగానే కునుకు తీస్తుంది. ఎప్పుడైనా పడ్డారా? కిందటేడాది బాత్రూంలో పడింది. వయసు మీద పడుతోందిలే అని మేం సరిపెట్టుకున్నవన్నీ ఆ మందుతో రాగలిగినవేనట. ఇంతా చేస్తే, నడుంనొప్పి తగ్గిందా అంటే... అదీ లేదు. కొందరిలో ఈ మందులే నొప్పిని మరింత పెంచుతాయట కూడా.

ఇంటికొచ్చాక వెదికి చదివాను. అమెరికాలో నడుం, మోకాలు, తుంటి నొప్పులున్న 240 మంది మాజీ సైనికుల మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. సగంమందికి మార్ఫిన్, ఆక్సీకొడోన్ లాంటివి ఇచ్చారు. మిగతావాళ్లకు పారాసెటమాల్, వాపు తగ్గించే మందులతో మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి రోజువారీ పనులు చేసుకోవటంలో తేడా ఏమీ లేదు. దుష్ప్రభావాలు మాత్రం మొదటి బృందానికే ఎక్కువ. మన దగ్గర 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. అలాగని ఈ జాతి మందులన్నీ పాపిష్టివని కాదు. క్యాన్సర్ బాధతో ఉన్నవాళ్లకు మార్ఫిన్ ఇవ్వకుండా భయపడటమూ అన్యాయమే. రెండు వారాల మందుని ఆరేళ్లు వాడటం, మధ్యలో ఎవరూ 'ఎందుకు?' అని అడక్కపోవటం... అదీ మేం చేసిన పొరపాటు.

ఆ సాయంత్రమే స్ట్రిప్పులన్నీ చెత్తబుట్టలో పారేయబోయాను. 'నన్ను తాగుబోతుని చూసినట్టు చూడకే' అంది అమ్మ. చెయ్యి ఆగిపోయింది. డాక్టరుగారూ అదే హెచ్చరించారు. సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు నెలకు పదోవంతు చొప్పునో, అంతకన్నా నిదానంగానో తగ్గించటమే మంచిదట.

అలాగే తగ్గించాం. ఫిజియోథెరపీ, పొద్దున్నే నడక, నరాల నొప్పికి వేరే మందు. రెండుసార్లు వెనక్కి వెళ్లాం కూడా. కార్తీకమాసం చలికి నొప్పి పెరిగి, తగ్గించిన అరమాత్ర మళ్లీ కలపాల్సి వచ్చింది. 'ఓడిపోయాను' అని ఫోన్లో ఏడ్చింది. 'ఇది పరీక్ష కాదమ్మా' అన్నాను. ఇప్పుడు రాత్రికి ఒక్కటే వేసుకుంటోంది. అదీ పోతుందో, ఉంటుందో! డాక్టరుగారు తొందరపెట్టటం లేదు. ఇసాబ్‌గోల్ డబ్బా మాత్రం అటక ఎక్కింది. సీరియల్ చివరిదాకా చూసి, మర్నాడు నాకు కథంతా చెబుతోంది.

నొప్పి పోలేదు. ఆ సంగతి అమ్మా ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. ఆరేళ్లుగా 'మాత్ర వేసుకున్నావా?' అని అడగటమే తప్ప, 'ఎక్కడ నొప్పిగా ఉంది? ఏ పని చేయలేకపోతున్నావు?' అని నేను అడగనేలేదు. మాత్ర కొనటానికి అయిదు నిమిషాలు చాలు, అమ్మ పక్కన కూర్చోవాలంటే సెలవు పెట్టాలి మరి!

ఇప్పుడు తెనాలి వెళ్తే పొద్దున్నే ఇద్దరం కాలవగట్టు దాకా నడుస్తాం. తిరిగొచ్చేటప్పుడు అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంటుంది.

'కాసేపు కూర్చుందామా?' అంటాను.

కూర్చుంటాం.