నాన్న తుపాకీకి నాలుగు చిల్లులు

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్మి సింధనూరు దగ్గరి క్యాంపుకు వచ్చిన నాన్న పోయాక, ఆయన పాయింట్ 315 రైఫిలు లైసెన్సు నా పేరుకు మారింది. 1972 చట్టం వచ్చాక వేట మాటే లేదు. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించి రావడమే దాని ప్రయాణం.

తమ్ముడు దానికి దుర్బీను పెట్టిస్తానన్నాడు.

"ఏం చూస్తావురా?"

"అందం కోసం, అన్నయ్యా!"

దుర్బీను కంటే ముందు రైలు, అంటే గాళ్ళున్న లోహపు పట్టీ, బిగించాలి. మాది పాత సైనిక రైఫిలు వరస. పైన మర చిల్లులు లేవు. పట్టీ అడుగు తుపాకీ వంపుకు అతక్కపోతే, పేలిన అదటుకు మరలు వదులవుతాయి. చిల్లుల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. కామర్సు వాణ్ణి గదా, త్రైరాశికం వేశాను. ఒక చిల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే వంద మీటర్ల దగ్గర గురి దాదాపు 67 సెంటీమీటర్లు తప్పుతుంది! దుర్బీను మరలు తిప్పి సర్దుకోవచ్చునన్నాడు తమ్ముడు. పాత బాకీని కొత్త అప్పుతో సర్దే ఖాతాదారులు గుర్తొచ్చారు.

ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సున్న మేస్త్రీయే ఈ పని చేయాలి. అతను ఉక్కు మీద సుద్దతో నాలుగు చుక్కలు పెట్టి, "వేయమంటారా?" అన్నాడు. ఒక చుక్క, నాన్న బొటనవేలికి నలుపు అరిగిపోయిన చోటే పడింది.

రైలును కాగితంలో చుట్టి తెచ్చుకున్నాం. ఇల్లు చేరేదాకా తమ్ముడు మాట్లాడలేదు.