తేలిక బూటు తొందరగా చిరుగుతుందా? కార్డిఫ్ నుంచి పెన్ ఎ వాన్ దారిలో

తెరమీద కనిపిస్తున్న ఈ రెండు బల్లపరుపు శిఖరాల్లో ఎత్తైనది పెన్ ఎ వాన్, 886 మీటర్లు. దాన్ని ఆనుకుని ఉన్నది కోర్న్ డీ, 873 మీటర్లు. దక్షిణ బ్రిటన్‌లో వీటిని మించిన ఎత్తు లేదు. కార్డిఫ్ నుంచి ఎ470 రోడ్డు పట్టుకుని పాంటిప్రిడ్, మెర్థిర్ టిడ్‌విల్ దాటి వెళ్తే కుడిచేతి వైపు కనిపిస్తాయి. కారు లేనివాళ్ళను టీ4 బస్సు సరిగ్గా కొండ కింద, స్టోరీ ఆర్మ్స్ దగ్గర దింపుతుంది. 2023 ఏప్రిల్ దాకా బ్రెకన్ బీకన్స్ అని పిలిచిన ఈ నేషనల్ పార్కును ఇప్పుడు వెల్ష్ పేరుతో బన్నై బ్రహైనియోగ్ అంటున్నారు. కార్డిఫ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు వేసవిలో ఇటు రావాలనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది బూట్ల సంగతి. అడిగితే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: బరువైన తోలు బూట్లు కొను, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు, తేలికవి ఒక్క సీజన్‌కే చిరిగిపోతాయి. ఈ సలహాలో సగం అలవాటు, సగం భయం. వేసవి నడకకు తేలిక బూట్లే సరైనవి, అవి మన్నుతాయి కూడా. కాకపోతే మన్నికను తూకంలో వెతక్కూడదు, బూటు ఎక్కడ పాడవుతుందో అక్కడ చూడాలి.

ముందు బరువు లెక్క చూద్దాం. 1969లో అమెరికా సైన్యం తరఫున సూల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పరిశోధన చేశారు. మనిషి తన ఒంటి బరువు మోయడానికి ఎంత శక్తి ఖర్చుపెడతాడో, అదనపు బరువును నెత్తిమీద, చేతుల్లో, పాదాలకు పెడితే ఎంత ఖర్చుపెడతాడో పోల్చి చూశారు. నెత్తిమీద బరువుకు కిలోకి 1.2 రెట్లు, చేతుల్లో 1.9 రెట్లు అయింది. పాదాలకు కడితే మాత్రం నడక వేగాన్ని బట్టి 4.2 నుంచి 6.3 రెట్ల దాకా పోయింది. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది: వాళ్ళు ఒక్కో పాదానికి కట్టింది 6 కిలోలు, అంత బరువైన బూటు ఎవరు వేసుకుంటారు? అందుకే 1984లో మామూలు బూట్లు, షూస్‌తోనే జరిగిన మరో అధ్యయనం మనకు ఎక్కువ ఉపయోగం. పాదరక్షల బరువు 100 గ్రాములు పెరిగినప్పుడల్లా ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్ 0.7 నుంచి 1 శాతం పెరుగుతుందని అందులో తేలింది. పాతకాలపు పూర్తి తోలు బూట్ల జత 1,700 గ్రాములు, తేలిక జత 1,000 గ్రాములు అనుకుందాం. తేడా 700 గ్రాములు, అంటే 5 నుంచి 7 శాతం అదనపు శ్రమ. కొండ కింద ఉన్న పాంట్ ఆర్ డావ్ కార్ పార్కు నుంచి పైకెక్కి తిరిగి రావడం సుమారు 7 కిలోమీటర్లు, దగ్గర దగ్గర 10,000 అడుగులు. ఒక్కో కాలూ 350 గ్రాముల అదనపు బరువును 5,000 సార్లు ఎత్తి దింపుతుంది. దిగేటప్పుడు మోకాళ్ళు వణకడం మొదలయ్యేసరికి ఆ లెక్క ఒంటికి తెలుస్తుంది. అలసిన కాలే తడబడుతుంది కాబట్టి ఇది సుఖానికే కాదు, భద్రతకూ సంబంధించిన విషయం.

ఇక మన్నిక. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. బూటు ఒక్కసారిగా మొత్తం పాడవదు, ఎప్పుడూ అవే నాలుగైదు చోట్ల దెబ్బతింటుంది. తెరమీద దగ్గరగా చూపిస్తున్నది వేళ్ళ మొదట్లో బూటు మడత పడే చోటు. ఈ కొండలు ఎర్ర ఇసుకరాయి కొండలు. కోట్ల ఏళ్ళ కింద నీళ్ళు ఇసుక మీద వేసిపోయిన అలల గుర్తులు శిఖరం మీది పలకల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రాయి అరిగి వచ్చే సన్నటి ఇసుక, బురదతో కలిసి ఈ మడతలోకి చేరుతుంది. అడుగు వేసినప్పుడల్లా మడత మూసుకుంటుంది, లోపలి ఇసుక రేణువులు దారాన్ని కోస్తాయి. ముందు కుట్టు తెగుతుంది, తర్వాత బట్ట విడిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు బూటును చేత్తో వంచి చూడండి, మడత పడే గీత మీదుగా కుట్టు పోతుంటే పక్కన పెట్టేయండి. పై భాగమంతా ఒకే ముక్కగా ఉండి, కుట్లు తక్కువగా ఉన్న తేలిక బూటు, పది ముక్కలు అతికించిన బరువు బూటు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండోది ముక్కు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళు ఈ దారికి రాళ్ళు పరిచారు, ఏటా లక్షల మంది నడిచే దారి అలా కాకపోతే కోతపడి కొట్టుకుపోతుంది. ఆ రాళ్ళ అంచులకు బూటు ముక్కు తగులుతూనే ఉంటుంది, సోల్‌కీ పై భాగానికీ మధ్య జిగురు మొదట ఊడేది అక్కడే. ముక్కు చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న బూటు తీసుకోండి. దానికి పెరిగే బరువు పదుల గ్రాముల్లోనే ఉంటుంది, అక్కడ పిసినారితనం వద్దు. మూడోది మడమ లోపలి గుడ్డ. అది చిల్లులు పడిందంటే చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, సైజుది. మడమ లోపల పైకీ కిందకీ జారుతుంటే ఎంత ఖరీదైన గుడ్డయినా అరుగుతుంది.

నాలుగోది మిడ్‌సోల్, అంటే కింద రబ్బరుకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర. నా వాదనకు గట్టి బలం ఇక్కడే ఉంది. తేలిక బూట్లలో ఎక్కువగా ఈవీఏ అనే నురుగు పదార్థం వాడతారు. అది నడిచే కొద్దీ అణిగిపోయి మెత్తదనం పోగొట్టుకుంటుంది, ఇది దాని లోపం. బరువు బూట్లలో చాలావాటికి పాలీయూరిథేన్ ఉంటుంది. అది తొందరగా అణగదు, కానీ గాలిలోని తేమకే లోపలి నుంచి విరుగుతుంది. కొని, రెండుసార్లు వేసుకుని, అటక మీద ఏళ్ళ తరబడి దాచిన జత, పైన తోలు మెరుస్తూ ఉండగానే, కొండ మీద అడుగు పెట్టగానే సోల్ పొడిపొడిగా రాలి ఊడిపోవచ్చు. అసలు వేసుకోకుండా డబ్బాలో ఉంచినా అంతే. ఎవరైనా తమ పాత బూట్లు ఇస్తే, లేదా సెకండ్‌హ్యాండ్‌లో కొంటే, బొటనవేలితో ఆ పొరను గట్టిగా నొక్కి చూడండి. చిన్న చిన్న పగుళ్ళు తేలితే, పొడి రాలితే ఆ జత కొండకు పనికిరాదు. బరువును నమ్ముకుని పదేళ్ళ హామీ అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి.

ఇక నేలను పట్టుకునే అడుగు రబ్బరు. ఒకప్పుడు కొండెక్కేవాళ్ళు ఇనుప మేకులు కొట్టిన తోలు బూట్లు, రాతి మీదికి వేరే తేలిక జోళ్ళు వాడేవాళ్ళు. 1935లో ఇటలీలోని పుంటా రాసికా శిఖరం దగ్గర ఆరుగురు చనిపోయారు, దానికి ఆ పాదరక్షలూ ఒక కారణమన్నారు. ఆ విషాదం తర్వాత విటాలె బ్రమాని అనే పర్వతారోహకుడు గాట్లున్న రబ్బరు సోల్ తయారీకి పూనుకున్నాడు, 1937లో అది వచ్చింది. ఈరోజు బూట్ల కింద మనం చూసే విబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. రబ్బరులో ఒక ఇబ్బంది తప్పదు: తడి రాతిని బాగా పట్టుకునే మెత్తటి రబ్బరు తొందరగా అరుగుతుంది, అరగని గట్టి రబ్బరు తడి రాతి మీద జారుతుంది. ఈ రెంటిలో ఒకటే దొరికేటప్పుడు నేనైతే పట్టునే ఎంచుకోమంటాను. లక్షల కాళ్ళకు నునుపెక్కిన ఈ రాళ్ళు చినుకు పడితే ఎలా ఉంటాయో తెరమీద చూడండి. గాట్లు 4, 5 మిల్లీమీటర్ల లోతు ఉంటే గడ్డి వాలు మీద, బురదలో సరిపోతుంది.

తేలిక బూట్లు అనగానే వచ్చే మొదటి అభ్యంతరం చీలమండ. ఎత్తు బూటు కాలు మడత పడకుండా ఆపుతుందన్న నమ్మకం బలంగా ఉంది. దాన్ని పరీక్షించినవాళ్ళున్నారు. 1993లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు చీట్లు తీసినట్టు ఎత్తు బూట్లు, పొట్టి బూట్లు పంచి చూశారు. చీలమండ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బాస్కెట్‌బాల్ చదును నేల మీద ఆట, కొండతో పోలికేమిటని మీరు అడగొచ్చు, ఆ మాట నిజమే. ఆ ఒక్క అధ్యయనంతో కొండ సంగతి తేలిపోయిందని నేననను. కానీ చీలమండ దాకా వచ్చే మెత్తటి బట్ట దానంతట అది మడతను ఆపుతుందన్న ధీమాకు మాత్రం ఆధారం బలహీనం. చీలమండకు రాయి తగలకుండా, బురద లోపలికి రాకుండా ఎత్తు బూటు పనికొస్తుంది. పాదం పక్కలకు వంగకుండా ఆపేది ఎక్కువగా సోల్ మెలిపడకుండా ఉండే గట్టిదనం, మడమను పట్టి ఉంచే వెనక గిన్నె. బూటును రెండు చేతులా పట్టి తడిబట్ట పిండినట్టు తిప్పి చూడండి. సులువుగా మెలిపడితే అది ఎంత ఎత్తున్నా ఈ కొండకు చాలదు.

రెండో అభ్యంతరం వాన, ఇది వేల్స్‌లో ఎవరూ కొట్టిపారేయలేనిది. నీళ్ళు రాని పొర, గోర్‌టెక్స్ లాంటిది, ఉండాలి కదా? చలికాలానికి తప్పకుండా. వేసవికి మాత్రం ఆలోచించాలి. ఆ పొర లోపలి ఆవిరిని బయటికి పంపగలిగేది లోపలి వేడి తేమ బయటి గాలిలోని తేమ కంటే ఎక్కువగా ఉన్నప్పుడే. ఉక్కపోతగా ఉన్న రోజున, పైగుడ్డ నానిపోయినప్పుడు ఆ పని మందగిస్తుంది, చెమటతోనే మేజోళ్ళు తడుస్తాయి. పైగా పొడుగాటి తడిగడ్డిలో నడిచినా, వాగు దాటినా నీళ్ళు పైనుంచి లోపలికి వస్తాయి. అప్పుడు బయటి నీళ్ళను ఆపాల్సిన పొరే లోపలి నీళ్ళను పోనివ్వకుండా నిలబెడుతుంది. తడిసి మెత్తబడిన చర్మానికి రాపిడి తగిలితే బొబ్బలెక్కుతాయి. పొర లేని బూటు తడుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ నడుస్తుండగానే చాలావరకు ఆరిపోతుంది, సంచిలో ఒక జత ఉన్ని మేజోళ్ళు ఉంటే సరిపోతుంది. ఆ పొర మడత చోట చిల్లుపడితే బాగుచేయడం కుదరదు కూడా, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టి మన్నిక కొన్నామనుకోవడం పొరపాటు. ఒక్కటే జత కొనగల స్తోమత ఉండి, అక్టోబరులోనూ నడవాలనుకునేవాళ్ళకు మాత్రం నా వాదన వర్తించదు. వాళ్ళు పొర ఉన్నదే తీసుకోవాలి. మంచు పడ్డాక ఈ తేలిక బూట్లతో పెన్ ఎ వాన్ వైపు చూడనే కూడదు.

మన ఇళ్ళలో వచ్చే మాట ఇంకొకటుంది: అలిపిరి నుంచి 3,550 మెట్లు వట్టికాళ్ళతో ఎక్కే మనకి ఈ హంగామా ఏమిటని. తిరుమల మెట్లు చెక్కిన రాళ్ళు, అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. ఇక్కడ బురద కింద ఏముందో తెలియదు. అయితే ఆ మాటలో మనకు పనికొచ్చే సత్యం ఒకటుంది. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో దక్షిణ భారతంలో వట్టికాళ్ళతో నడిచి పెరిగినవాళ్ళ పాదాలను బూట్లు అలవాటైనవాళ్ళ పాదాలతో పోల్చారు. వట్టికాళ్ళవాళ్ళ పాదాలు వెడల్పుగా ఉన్నాయి, ఒత్తిడి పాదమంతా సమంగా పడుతోంది. చెప్పులతో, వట్టికాళ్ళతో పెరిగిన మనలో చాలామందికి వేళ్ళ దగ్గర వెడల్పు ఎక్కువే. ఐరోపా పాదం అచ్చు మీద కుట్టిన సన్నటి బూటులో ఆ వేళ్ళు ఇరుక్కుంటాయి. ఇరుకు బూటు పాదాన్నే కాదు, తననూ పాడుచేసుకుంటుంది, చిటికెన వేలు లోపలి నుంచి నెట్టే చోటే పక్క కుట్టు ముందు విడిపోతుంది. పొడవు సైజు పెంచి సర్దుకోవద్దు, అప్పుడు మడమ జారుతుంది. వెడల్పు రకం ఉందా అని అడగండి. పాదాలు వాచి ఉండే సాయంత్రం పూట వెళ్ళండి, కొండకు వేసుకునే మేజోళ్ళతోనే వేసి చూడండి. దుకాణంలో వాలు బల్ల ఉంటే దానిమీద కిందికి దిగి చూడండి. బొటనవేలు ముందుకు తగిలిందంటే, కోర్న్ డీ నుంచి దిగేసరికి గోరు నల్లబడుతుంది.

చివరిగా ఖర్చు. విద్యార్థికి మంచి తేలిక బూట్ల ధర భారమే. అందుకని చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. వేల్స్‌లోనూ అమల్లో ఉన్న 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం దుకాణం అమ్మే వస్తువు నాణ్యతలో మన్నిక కూడా ఒక భాగం. లోపం ఉంటే 30 రోజుల్లోపు వాపసు ఇచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత బాగుచేయమనో మార్చమనో అడగొచ్చు. ఆరు నెలల్లోపు సోల్ ఊడితే లోపం మొదటి నుంచీ లేదని చూపించాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళదే. వాడకంతో వచ్చిన అరుగుదలకు ఇది వర్తించదు. కాబట్టి రసీదు దాచుకోండి, కొన్న రోజే సోల్ అంచులు ఫొటో తీసుకోండి. ప్రతి నడక తర్వాత మడతలోని ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో కడిగేయండి, ఇన్‌సోల్ తీసేసి, లోపల న్యూస్‌పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి. రేడియేటర్ మీద పెట్టకండి. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, తోలు పగులుతుంది, అలా ఊడిన సోల్‌కు దుకాణం జవాబు చెప్పదు.