సైకాలజీ పరీక్ష, మానసిక వైద్యుని ఓపీ

పన్నెండో తరగతి సైకాలజీ పరీక్షకు సీబీఎస్ఈలో మొత్తం 100 మార్కులు: రాతకు 70, ప్రాక్టికల్స్‌కు 30. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఇటీవలి సిలబస్ ప్రకారం ఏడు పాఠాలు చదవాలి. తెలివితేటల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలు, వ్యక్తిత్వం, ఒత్తిడిని తట్టుకోవడం, మానసిక రుగ్మతలు, చికిత్సలు, వైఖరులు, బృందాల ప్రభావం. వీటిలో రుగ్మతలకు 12 మార్కులు, చికిత్సలకు 9. అంటే రాత పరీక్షలో మూడో వంతుకు కాస్త తక్కువగా మానసిక వైద్యుని గదిలో రోజూ నడిచే వ్యవహారమే. బడి మధ్యలో మానేసినవాళ్లు, పని చేసుకుంటూ చదివేవాళ్లు ఇదే సబ్జెక్టును ఎన్‌ఐఓఎస్ ద్వారా 328 కోడ్‌తో రాస్తారు.

గోదావరి డెల్టాలో ఈ పరీక్ష రాసేవాళ్లు తక్కువ. ఇక్కడ పదో తరగతి అయిందంటే ఎంపీసీనా, బైపీసీనా అన్నదే ప్రశ్న. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలో హ్యుమానిటీస్ తీసుకున్న కొద్దిమందికి తోటివాళ్లు ఉండరు, ట్యూషన్ మాస్టారు దొరకడు. ‘సైకాలజీ ఏంటమ్మా, పిచ్చోళ్ల చదువా?’ అని పెళ్లిళ్లలో బంధువులు అడిగే మాట మాత్రం తప్పదు. దాంతో పుస్తకాన్ని ఒంటరిగా, అడిగే దిక్కులేకుండా, ఇంగ్లిష్‌లో చదువుకోవాల్సి వస్తుంది. ఓపీకి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ ఒంటరి చదువే.

సంక్రాంతి వెళ్లి ప్రీబోర్డు పరీక్షలు దగ్గరపడే రోజుల్లో ఆ రాక మొదలవుతుంది. కోనసీమ నుంచి రాజమండ్రికి స్కూలు బస్సులో తిరిగే ఒక అమ్మాయిని తల్లి వెంటబెట్టుకొచ్చింది. ‘ఆ పుస్తకం చదివిన కాడ్నించీ తనకేదో ఉందంటందండీ డాక్టరుగారూ. రాత్రుళ్లు నిద్దర్లేదండీ, ఆయ్’ అని ఆమె చెబుతుండగానే పిల్ల నోటుపుస్తకం తీసి ముందు పెట్టింది. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు నీలం ఇంకుతో రుగ్మతల పేర్లు, కుడివైపు ఎర్ర ఇంకుతో తనలో కనిపించిన లక్షణాలు. బ్యాగు జిప్పు మూడుసార్లు చూసుకుంటుంది కాబట్టి ఓసీడీ. పరీక్ష తలుచుకుంటే గుండె దడ కాబట్టి పానిక్. ఏడుపొస్తోంది కాబట్టి డిప్రెషన్. ఇలా ఐదు. అయిదోది అనారోగ్య భయం. అది మాత్రం కొంతవరకు నిజమే.

వైద్య విద్యార్థుల్లో ఇది పాత సంగతే. గుండె జబ్బుల పాఠం నడిచే వారం ఛాతీలో పోట్లు, నరాల పాఠం వచ్చే వారం చేతుల్లో తిమ్మిర్లు. అక్కడైతే పక్క బెంచీవాడికీ అదే పోటు వస్తుంది, ఇద్దరూ నవ్వుకుని ఊరుకుంటారు. ఒంటరిగా చదివే పదిహేడేళ్ల పిల్లకు ఆ నవ్వు దొరకదు.

వైద్యుడు ఆ పేజీలోనే మరో మూడు గళ్లు గీయించాడు. ఎన్నాళ్ల నుంచి? రోజుకు ఎంతసేపు? దానివల్ల ఏ పని ఆగిపోయింది? జిప్పు సంగతి ఎదురుగా ఆమె రాసుకున్న జవాబులు: పది రోజులు, ఒక నిమిషం, ఏమీ ఆగలేదు. నిజానికి ఈ మూడు ప్రశ్నలూ ఆమె పుస్తకం చెప్పే విషయాలే. ఏ ప్రవర్తననైనా రుగ్మత అనడానికి నాలుగు కొలతలు పాఠం మొదట్లోనే ఉంటాయి: సమాజంలో మామూలుగా కనిపించేదానికి భిన్నంగా ఉందా, మనిషిని బాధిస్తోందా, పనికి అడ్డొస్తోందా, తనకో ఇతరులకో ప్రమాదమా. 2013లో వచ్చిన, రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే డీఎస్ఎం-5 వీటికి అంకెలు కూడా జోడిస్తుంది. డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు ఉండాలి. ఆ ఐదింటిలో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో తప్పనిసరి. అన్నిటి గురించీ ఆందోళనపడే జీఏడీకి ఆరు నెలలు. ఓసీడీలో ఆలోచనలు, చేష్టలు రోజుకు గంటకు పైగా సమయం తినేయాలి, లేదా బతుకు సాగనివ్వకూడదు.

పిల్లలు వదిలేసేది సరిగ్గా ఈ భాగాన్నే. లక్షణాల జాబితా బట్టీ పడతారు. కాలం, తీవ్రత, అంతరాయం ఉన్న వాక్యాన్ని దాటేస్తారు. దానివల్ల రెండు నష్టాలు. ఇంట్లో లేని జబ్బు పట్టుకుంటుంది. పరీక్షలో చిన్న ఉదంతం ఇచ్చి అడిగే ప్రశ్న తప్పుతుంది. ఆ ఉదంతాలు దాదాపు ఓపీ చీటీలా ఉంటాయి: ఒక మనిషి, కొన్ని నెలలుగా ఒక ప్రవర్తన, ఉద్యోగం మానేశాడనో స్నేహితులకు దూరమయ్యాడనో ఒక మాట. జవాబు రాసేవాడు ముందు ఆ కథలో ఉన్న ఆధారాలను ఏరి, తర్వాత రుగ్మత పేరు చెప్పి, ఏ ఆధారం ఏ లక్షణమో కలపాలి. చాలామంది పేరు మొదటి వాక్యంలోనే రాసేసి, ఉదంతంలో లేని లక్షణాలు కూడా పాఠం నుంచి దింపేస్తారు. హౌస్ సర్జన్లు మొదటి నెలలో కేస్ షీట్లు అచ్చం అలాగే రాస్తారు.

జ్ఞాపకం గురించిన పాఠం పదకొండో తరగతిలోనే అయిపోతుంది. అయిపోయిందని మర్చిపోవడం దురదృష్టం. హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తనమీద తానే పరీక్షించుకుని 1885లో ప్రకటించిన లెక్కల ప్రకారం మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. సాయంత్రం చదివింది మర్నాడు ఒకసారి, వారానికి మరోసారి చూడమనడానికి అదే ఆధారం. ఎలా చూడాలన్నదానికి 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఉంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారు. పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లు వారం తర్వాత వాళ్లను దాటిపోయారు. పుస్తకం నిండా పసుపు హైలైటరు పూసుకుని ‘అన్నీ చదివానండీ, హాల్లో ఏదీ రాదండీ’ అని వచ్చే పిల్లలకు జ్ఞాపకశక్తి బిళ్లలు అవసరం లేదు. తెల్ల కాగితం, పెన్ను చాలు.

డెల్టాలో ఈ రోజుల్లో చదువుకు అడ్డుపడేది బద్ధకం కన్నా నిద్రలేమి. మాఘమాసపు పెళ్లిళ్ల మైకులు, తీర్థాల హోరు, శివరాత్రి జాగారం, తెల్లవారుజామున స్కూలు బస్సు. రాత్రి రెండింటి దాకా టీ మీద నడిచే చదువు దీనికి తోడవుతుంది. నేర్చుకున్నాక నిద్రపోతే మరుపు తగ్గుతుందని జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే చూపారు. ఆ సంగతి కూడా సైకాలజీ చదివే పిల్లలకే చెప్పాల్సి వస్తుంది.

మందుల సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ప్రొప్రనొలాల్ అనే బిళ్ల గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తుంది. నలుగురి ముందు మాట్లాడాలంటే భయపడేవాళ్లకు వైద్యులు ఎంచి రాస్తారు. ‘దడ బిళ్ల’ అని స్నేహితుడు చెప్పగా మందుల షాపులో కొనుక్కుని, ప్రీబోర్డు రోజు పొద్దున వేసుకున్న ఒక కుర్రాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆ మందు శ్వాసనాళాలను బిగిస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు. అతను పరీక్ష హాలుకు బదులు క్యాజువాలిటీకి చేరాడు. ఆక్సిజన్, నెబ్యులైజరుతో సాయంత్రానికి కుదుటపడ్డాడు.

భయం పూర్తిగా పోవాలనుకోవడం కూడా పొరపాటే. ఎలుకలపై ప్రయోగాలతో యెర్క్స్, డాడ్సన్ 1908లో చూపినదాని ప్రకారం, కష్టమైన పనిలో ఉద్రేకం ఒక మోతాదు దాకా మేలు చేసి, మించితే చెడగొడుతుంది. మించినప్పుడు ఏం చేయాలో చికిత్సల పాఠమే చెబుతుంది. జోసెఫ్ వోల్పే పేరుతో వచ్చే పద్ధతిలో, భయపెట్టే సందర్భాలను తక్కువ నుంచి ఎక్కువకు మెట్లుగా పేర్చుకుని, ఒళ్లు సడలించుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతారు. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థికి ఈ జవాబు ఆరు మార్కులకు సరిపడా కంఠస్థం. అతని బాధ మాత్రం వైవా. ఎదుటివాళ్లు ప్రశ్న అడిగితే గొంతు పూడుకుపోతుంది. ఆ జవాబు తనకే పనికొస్తుందని అతనికి తట్టలేదు.

మెట్లు రోగే పేర్చుకోవాలి, వైద్యుడు కాదు. అతను రాసుకున్న వరుస ఇది. తలుపేసుకుని గోడకు చెప్పడం, చెల్లెలికి చెప్పడం, మేనమామకు చెప్పడం, ఖాళీ ల్యాబులో మేడమ్‌కు చెప్పడం, చివరికి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు చెప్పడం. రెండో వారం చిక్కొచ్చింది. చెల్లెలి దగ్గర సాఫీగా సాగింది గానీ మేనమామ దగ్గర ఆగిపోయింది. ఆయన కోప్పడే మనిషేం కాదు; ప్రతి జవాబుకూ ‘అబ్బో, పెద్ద డాక్టరువైపోయావురా!’ అని నవ్వేవాడు. అతనికి మేడమ్ కన్నా మేనమామే పై మెట్టు. వరుస మార్చి, మేడమ్‌ను కిందికి, మేనమామను పైకి జరిపాక పని సాగింది. మేనమామ నవ్వును దాటినవాడికి బయటి ఎగ్జామినర్ పెద్ద కష్టం కాలేదు. ఇందుకు నాలుగైదు వారాలు పడుతుంది కాబట్టి పరీక్ష ముందు రోజు మొదలుపెట్టే వైద్యం కాదిది.

ప్రాక్టికల్స్‌లో మార్కులు తేలిగ్గా వస్తాయని పేరు. ఓపీలో కనిపించే గొడవలు మాత్రం వీటివల్లే ఎక్కువ. తెలివిని కొలవడానికి జాన్ రావెన్ 1938లో వెలువరించిన ప్రోగ్రెసివ్ మాట్రిసెస్‌లో ఐదు సెట్లు, సెట్టుకు 12 చొప్పున 60 బొమ్మల ప్రశ్నలు. ఒక అమ్మాయి సంక్రాంతి సెలవుల్లో ఏడో తరగతి తమ్ముడికి ఈ పరీక్ష పెట్టింది. హాల్లో టీవీ, చుట్టాలు, బయట కోడిపందేల సందడి. వాడి దృష్టంతా గుమ్మం వైపే. వచ్చిన పర్సంటైల్ తక్కువ. అమ్మాయి దాన్ని భోజనాల దగ్గర చదివింది. నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదీ వాణ్ని మొద్దబ్బాయి అంటున్నారు, వాడు బడికెళ్లనని మొరాయిస్తున్నాడు. తల్లి తీసుకొచ్చింది తమ్ముణ్ని. అసలు మాట్లాడాల్సి వచ్చింది అక్కతో. పరీక్ష పెట్టేచోట ప్రశాంతత ఉండాలి, వాడికి ఇష్టం ఉండాలి, పోల్చే పట్టిక వాడి వయసు పిల్లలదై ఉండాలి. ఒక్క పరీక్షతో తెలివి తేలదు. ఫలితం ఇంట్లో ప్రకటించడానికి కాదు, రికార్డులో పేరు లేకుండా రాయడానికి. నిశ్శబ్దంగా మళ్లీ చేయిస్తే ఆ అబ్బాయి స్కోరు సగటులోనే నిలిచింది.

ప్రాక్టికల్స్‌లోనే ఒక మనిషి గురించి రాయాల్సిన కేస్ ప్రొఫైల్‌కూ ఇదే జాగ్రత్త కావాలి. రుగ్మత ఉన్న పిన్ని గురించో తాతయ్య గురించో రాస్తే రికార్డు నిండుగా ఉంటుందని పిల్లలు ఆశపడతారు. ఆసుపత్రి చీటీ ఫొటోతో సహా అతికించినవాళ్లూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. చట్టం కట్టడి చేసేది ప్రధానంగా వైద్య సిబ్బందినే అయినా, ఆ మర్యాద పదిహేడేళ్లకే అలవాటైతే మంచిది. మాట్లాడబోయే మనిషి అనుమతి తీసుకోవాలి. పేరు, ఊరు మార్చాలి. అన్నిటికన్నా, పెద్ద రుగ్మత అక్కర్లేదు: కంటి ఆపరేషన్ తర్వాత చదవడం మళ్లీ నేర్చుకుంటున్న నాయనమ్మ కథ చక్కని ప్రొఫైల్ అవుతుంది.

చదువు ప్రభావమని కొట్టిపారేయకూడని కేసులూ ఉంటాయి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులు తరచు పదహారు, ఇరవై అయిదు ఏళ్ల మధ్యలో మొదలవుతాయి. ఈ పరీక్ష ఆ వయసులోకే వస్తుంది. తనకు జబ్బుందని భయపడి వచ్చే పిల్లకు చాలాసార్లు అది ఉండదు. నిజంగా మొదలైనవాడు తనంతట తాను రాడు. తణుకు ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుర్రాడు భ్రమలు, భ్రాంతుల గురించి యూనిట్ పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. రెండు నెలలుగా స్నానం మానేశాడనీ, వీధిలోవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలు మూసేస్తున్నాడనీ చెప్పింది తల్లి. పుస్తకంలో ఆ లక్షణానికున్న పేరు అతనికి తెలుసు. తనది మాత్రం నిజం అంటాడు. ఆ ఏడు పరీక్ష మాన్పించి మందులు మొదలుపెట్టారు. మరుసటి ఏడు రాశాడు.

నిద్ర, తిండి, స్నానం రెండు వారాలకు మించి తప్పితే, లేని మాటలు వినిపిస్తున్నాయంటే, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా, పరీక్ష అయ్యేదాకా ఆగకూడదు. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. అర్ధరాత్రయినా తెలుగులో పలుకుతారు.