అంచులు నలగని పెట్టెలు

అమెరికాలోని ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్ళింట్లో మెట్ల కింద అరలో ఏడు ఆట పెట్టెలున్నాయి. అయిదింటికి పై ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపనే లేదు. పుట్టినరోజుకి ఏం కావాలిరా అని అడిగితే మనవడు ఫోను తీసి ఒక జాబితా చూపించాడు. మరో ఆరు పెట్టెల పేర్లు. అన్నీ ‘డొమీనియన్’ అనే ఒక పేకాటవేనట, దాన్ని స్నేహితుడి ఇంట్లో రెండంటే రెండుసార్లు ఆడాడట. డబ్బు నాది, కారు అమ్మాయిది. అలా వాణ్ణి వెంటబెట్టుకుని ఒక ఆటల దుకాణానికి వెళ్ళాను.

దుకాణం సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. గోడల నిండా పెట్టెలు, వెనకవైపు బల్లలు, వాటి చుట్టూ కుర్రాళ్ళు. నన్ను నిలబెట్టేసినవి దుకాణదారు చేతులు. యాభై దాటిన మనిషి, మాట్లాడుతూనే ముక్కలు కలుపుతున్నాడు. మన క్లబ్బుల్లోలా ఫర్రుమని వంచి కలపడం కాదు. కట్టని రెండుగా విడదీసి, ఒక సగం అంచుని రెండో సగం అంచులోకి చప్పుడు కాకుండా జొనుపుతున్నాడు. వంచితే ముక్క పాడవుతుందిట. నలభై ఏళ్ళు రమ్మీ ఆడాను, ముక్క మీద ఇంత దయ చూపించే చెయ్యి చూడలేదు.

మనవడి జాబితా చూశాడు. బిల్లు కొట్టే యంత్రం వైపు వెళ్ళకుండా బల్ల కింద నుంచి తన సొంత పెట్టె తీశాడు. వచ్చినవాళ్ళకి ఆట నేర్పే పెట్టె అది. ముక్కలన్నీ పక్కకి తిప్పి, అంచులు నాకు కనిపించేలా పట్టుకున్నాడు. రాగి నాణేల ముక్కలు నల్లగా మురికి పట్టి ఉన్నాయి. ‘విలేజ్’, ‘స్మిథీ’ అనే ముక్కలు బూడిదరంగుకి తిరిగాయి. కొన్ని రకాలు మాత్రం కొత్త పెళ్ళికొడుకు పంచెలా తెల్లగా ఉన్నాయి. “మీ పెట్టె కూడా ఇలా కానివ్వండి. ఏవి నలిగాయో చూసి తరవాతి పెట్టె ఏదో నేను చెబుతాను” అన్నాడు. వస్తువు అమ్మేవాడు అనాల్సిన మాటేనా అది!

ఆట పద్ధతి కూడా తమాషాగానే ఉంది. మొదట ప్రతి ఒక్కరికీ పది ముక్కలు: ఏడు రాగి నాణేలు, మూడు ‘ఎస్టేట్’లు. అయిదు చేతిలోకి తీసుకుని, ఉంటే ఒక పని చేసి, బల్ల మీది కట్టల్లోంచి ఒకటి కొనుక్కోవచ్చు. కొన్నది మన కట్టలోనే చేరుతుంది, కలిపినప్పుడల్లా మళ్ళీ చేతికొస్తుంది. అంటే ఆటంతా కొనుగోలే. డోనాల్డ్ ఎక్స్ వక్కరీనో తయారుచేసిన ఈ ఆట 2008లో వచ్చింది, మరుసటి ఏడే జర్మనీలో ‘ఈ ఏటి మేటి ఆట’ బహుమతి కొట్టేసింది. ఆ తరవాత అనుబంధపు పెట్టెలు పదికి పైనే వచ్చాయి.

ఇప్పుడు అమ్మే మొదటి పెట్టెలో కొనదగ్గ ముక్కలు 26 రకాలు. ఒక్కో ఆటకి బల్ల మీద పెట్టేవి 10 రకాలే. అక్కడే నిలబడి ఫోనులో లెక్క కట్టాను. 26లోంచి పదిని 53,11,735 రకాలుగా ఏరుకోవచ్చు. రోజుకో ఆట చొప్పున పద్నాలుగు వేల ఏళ్ళకి పైన పడుతుంది. మా వాడు రెండు ఆటలాడి ఆరో పెట్టె దాకా వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఏది కొనాలన్నదానికి దుకాణదారు దగ్గర సూటి జవాబులున్నాయి. ఈ రౌండులో వేసిన ముక్క వచ్చే రౌండుకీ పనిచెయ్యాలనే ముందుచూపు ఉంటే ‘సీసైడ్’. పెద్ద పెద్ద మొత్తాల సరదా ఉంటే ‘ప్రాస్పరిటీ’. ఎత్తుకి పైఎత్తు వేసేవాళ్ళకి ‘ఇంట్రీగ్’. పాత ముద్రణలో అయితే అది విడిగా ఆడుకునే పెట్టె. కొత్త ముద్రణలో నాణేల ముక్కలు లేవు, అదొక్కటే పట్టుకెళ్తే ఆట మొదలే కాదు. “ఏడుస్తూ తిరిగొస్తారు” అన్నాడు, కలపడం ఆపకుండా.

ఇలాంటి ముక్కల ఆటల్లో, 1993లో ‘మ్యాజిక్’ అనే ఆట వచ్చినప్పటి నుంచీ పొట్లంలో ఏముందో తెలియకుండా కొనడం అలవాటైంది, అదొక లాటరీ టిక్కెట్టు. 2008 నుంచి ఫ్యాంటసీ ఫ్లైట్ అనే ఆటల కంపెనీ వాళ్ళు ఏ పొట్లం కొన్నా అవే ముక్కలుండే పద్ధతి పెట్టారు. జేబుకి అదే మేలు. కానీ దాని తెగులు దానికుంది. లాటరీలో అన్నీ దొరకవని తెలుసు కనక ఎక్కడో ఒకచోట ఆగుతాం. ఇక్కడ అన్నీ దొరుకుతాయి, అందుకే అరలో ఒక ఖాళీ కనిపించినా కంట్లో నలుసే. తెనాలిలో మా అరుగు మీద ఒకటే పేక దస్తా ఉండేది. ఇస్పేటు ఏడు పోతే జోకరు మీద బాల్‌పెన్నుతో రాసుకుని మూడేళ్ళు ఆడాం. ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో వెనక నుంచే తెలిసిపోయేది, అదీ ఆటలో భాగమే.

ఇంతలో పక్క బల్ల దగ్గర మన కుర్రాడే ఒకడు ఫోనులో అంటున్నాడు: “పదహారు పెట్టెలున్నాయిరా నా దగ్గర. నలుగురం కుదిరేది మాత్రం దసరాకో సంక్రాంతికో.” ఆ మాట మా వాడు కూడా వినాలని గొంతు సవరించుకున్నాను. వాడు వినలేదు, ముక్కలు పంచుకుంటున్నాడు.

ఒక ఆట ఆడి చూడమన్నాడు దుకాణదారు. నేను పెద్దమనిషి తరహాలో వెండి, బంగారం కూడబెట్టి ఆరేసి పాయింట్ల ‘ప్రావిన్స్’లు మూడు కొన్నాను. మనవడు ‘వర్క్‌షాప్’ ముక్కలు పోగేసి వాటితో ‘గార్డెన్స్’ లాగడం మొదలెట్టాడు. కట్టలో ఎన్ని పదులుంటే ఒక్కో గార్డెన్‌కి అన్ని పాయింట్లు. చెత్తా చెదారం ఎంత కొంటే అంత లాభం. మూడు కట్టలు ఖాళీ అయ్యి ఆట ముగిసేసరికి వాడి దగ్గర 34 ముక్కలు. ఎనిమిది గార్డెన్‌లూ వాడివే: 24. ఎస్టేట్‌లు 11. మొత్తం 35. నావి 21.

దుకాణదారు తలెత్తకుండా నవ్వుతూ మళ్ళీ కలుపుతున్నాడు. మనవడు ఫోను తీసి జాబితా నా ముందు పెట్టాడు.