ఎన్ని రెట్లు?

మేడమీద టెలిస్కోపు పెట్టుకున్నవాణ్ణి జనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని రెట్లు చూపిస్తుంది?" ఐపీస్‌కి కన్ను ఆనించి, మూడు లెక్కపెట్టేలోగా తల ఎత్తి అనే మాటా ఒకటే: "ఇంతేనా?" మా దిండిగల్‌లో ఈ రెండూ నాకు తెలుగులోనూ పడ్డాయి, తమిళంలోనూ పడ్డాయి. ఎందులో విన్నా ఒళ్లు మండుతుంది.

రెట్లదేముందండీ! నాది ఆరంగుళాల అద్దం, నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 పెడితే 120. మూడు మిల్లీమీటర్లది తగిలించి 400 అనిపించుకోవచ్చు. అప్పుడు గురుడు పెద్దగానే ఉంటాడు, మాడిన బూరెలా. వెలుతురు పోగుచేసేది అద్దం వెడల్పు, అంటుకున్నట్టున్న రెండు చుక్కల్ని విడదీసేదీ అదే. రెట్ల పిచ్చి అంటించింది మాత్రం ఆ ఫ్యాన్సీ షాపుల అట్టపెట్టెలు. పైన శనిగ్రహం రంగుల బొమ్మ, పక్కన '500 రెట్లు' అని ఎర్రక్షరాలు. లోపల రెండంగుళాల గాజుబిళ్ల, ఊపిరి తగిలితే వణికే మూడుకాళ్ల స్టాండు. పిల్లలకి ఆకాశం మీద ఆశ పుట్టిన వారంలోనే దాన్ని చంపేసే సరుకు అది. అదే డబ్బుకి మంచి బైనాక్యులర్ వస్తుంది. చంద్రుడి గుంటలూ గురుడి నాలుగు ఉపగ్రహాలూ దాంట్లోనే కనబడతాయి. ఎంతమంది అటకల మీద ఆ పెట్టెలు దుమ్ము తింటున్నాయో! ఆ బొమ్మ గీసినవాడు దొరికితే ఒక రాత్రంతా మా మేడమీద నిలబెడతాను.

నిలబడితేనే కదా ఈ పని తెలిసేది. పగలంతా గదిలో ఉడికిన అద్దాన్ని బయటపెట్టాక ముప్పావు గంట దాకా ఏ చుక్కా కుదురుగా ఉండదు. ఈలోగా అద్దాల వరుస సరిచూడాలి. పాత ఫిల్మ్ డబ్బా మూతకి నడుమ బెజ్జం పొడిచి ఐపీస్ చోట పెడతాను. అందులోంచి చూస్తే ఏటవాలు చిన్నద్దం, దానిలో పెద్దద్దం, పెద్దద్దం నడుమ నేను అంటించిన కాగితపు చుట్టు. గొట్టం అడుగునున్న మూడు మరల్ని పావు మలుపు ఇటు, వీసమెత్తు అటు తిప్పి, బెజ్జం నీడ ఆ చుట్టులో కూర్చునేదాకా వదలకూడదు. నెబ్యులాల దగ్గరైతే ఇంకో తంటా. గొల్లకావడి కింద ఉన్న మసకని సూటిగా చూస్తే పలచబడిపోతుంది, ఓరచూపు చూస్తే రెక్కలు విప్పుతుంది.

2025లో శని నా పరువు తీశాడు. దాదాపు పదిహేనేళ్లకోసారి ఆయన వలయాలు మనవైపు అంచు తిప్పుతాయి. ఆ ఏడు సూది గుచ్చినట్టు సన్నగీత మిగిలింది. "వలయమేదన్నా?" అని పక్కింటి పిల్లవాడు. ఫోన్లో బొమ్మ తీసి "ఇలా కదా ఉండాలి" అని వాళ్ల నాన్న. రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్ల అడ్డుకొలత ఉండి, మందం చాలాచోట్ల పదుల మీటర్లే ఉన్న వస్తువు అంచు చూస్తున్నారయ్యా అంటే వినేదెవరు?

వినేవాళ్లు లేకపోయినా చూసేవాళ్లకి లోటు లేదు. మా జిల్లాలోనే కొడైకెనాల్ కొండమీద 1899లో పెట్టిన వేధశాల ఉంది. సూర్యుడి మచ్చల్లో వాయువు నడుమ నుంచి అంచులకి పారుతుందని 1909లో జాన్ ఎవర్‌షెడ్ పట్టుకున్నది అక్కడే. కానీ వాళ్లది పగటి ఉద్యోగం. రాత్రిపూట చూసే నాబోటివాడికి పెద్దదిక్కు విశాఖపట్నం. గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అక్కడ వేధశాల కట్టుకున్నారు. అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవడం చూశారు. మామ టెలిస్కోపుని అటకెక్కించని అల్లుడు! ఈ కాలంలో సంబంధాలు చూసేవాళ్లు ఇలాంటివి అడగరు.

పెళ్లంటే గుర్తొచ్చింది. ఇక్కడ మావాళ్ల ముహూర్తాలు తెల్లారాక. ఆరున్నరకి ఎండ పొడిచాక అయ్యవారు జంటని మండపం గుమ్మంలో నిలబెట్టి, ఫ్లెక్సీ బోర్డు వైపు చెయ్యి చాచి అరుంధతిని చూపిస్తారు. పెళ్లికొడుకు తల ఊపుతాడు, పెళ్లికూతురూ ఊపుతుంది, ఫొటోగ్రాఫరు ఇంకోసారి ఊపమంటాడు. అసలు చుక్కని 48 రెట్లలో చూస్తే పక్కనున్న వసిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరు! 1617 నాటికే గెలీలియో చూసిన సంగతి అది. అయ్యవారికి నేనింకా చెప్పలేదు.

ఆంధ్రలో అర్ధరాత్రి ముహూర్తాలు కూడా పెడతారు. మావాళ్లూ చైత్ర వైశాఖాల్లో ఒక్క రాత్రి లగ్నం పెట్టుకుంటే గొట్టం ఆటోలో వేసుకుని నేనే వస్తాను, తాంబూలం కూడా వద్దు. మండపం లైట్లు పావుగంట ఆర్పాలి, అంతే. ఈ మాట మా మేనమామతో అంటే, చీకట్లో నగల గతేమిటన్నాడు. తాళాలకి పేరుపడ్డ ఊళ్లో పుట్టి అడగవలసిన ప్రశ్నేనా అది!