నీతి గడి

5 నవంబర్ 2024
పాత బీరువా సర్దుతుంటే చందమామలు దొరికాయి. సగానికి అట్టల్లేవు. శంకర్ గీసిన విక్రమార్కుడు మాత్రం భుజాన శవం, చేత కత్తితో నడుస్తూనే ఉన్నాడు. పిల్లలు మీదపడ్డారు. “దయ్యమా టీచర్?” బేతాళుడన్నాను. 1947 జులైలో మొదలైన పత్రిక. పేరైనా వినలేదు వీళ్లు.

11 నవంబర్
ఒంటి గంట దాకా బడి, తర్వాత కుటుంబ సర్వే. తండాలో ఇళ్లకు తాళాలు. అందరూ పత్తి ఏరడానికి పోయారు.
కథల నోటుబుక్కులు దిద్దాను. కథ పేరు, పాత్రలు, నీతి అని మూడు గడులు. చదవకముందే నీతి గడి నింపేస్తున్నారు. అబద్ధమాడరాదు. కోతి కథకూ అదే, కుందేలు కథకూ అదే.

14 నవంబర్
బాలల దినోత్సవం. ఉపన్యాసాలయ్యాక బేతాళ కథల్లోంచి జీమూతవాహనుడి కథ చెప్పాను. గరుత్మంతుడికి రోజుకో పాము ఆహారం. ఆ రోజు శంఖచూడుడి వంతు. అతని బదులు రాకుమారుడు బండ మీద పడుకున్నాడు. గరుత్మంతుడు ఎత్తుకుపోయాడు. శంఖచూడుడు వెంటపడ్డాడు, నీ తిండిని నేను, అతన్ని వదిలెయ్ అంటూ. చివరికి గరుత్మంతుడు వదిలిపెట్టాడు.
వీళ్లలో ఎవరు గొప్ప? అడిగి ఊరుకున్నాను.

16 నవంబర్
నిన్న పున్నానికి పాలకుర్తి సోమన్న గుట్టకు పోయొచ్చారు చాలామంది. అయినా కథ మరిచిపోలేదు.
“రాకుమారుడే టీచర్, పానమిచ్చిండు.”
“గరుత్మంతుడు. ఆకలైతున్నా ఇడిచిపెట్టిండు.”
తండా పిల్ల లేచింది. “శంఖచూడుడు ఇంట్ల దాక్కుంటే ఎవలకెరుక? అయినా ఉరికిండు గద.”
విక్రమార్కుడు చెప్పిందీ శంఖచూడుడి పేరే. ఆ మాట పిల్లలకు చెప్పలేదు. చెబితే గడిలో రాసుకుని మరిచిపోరూ?

20 నవంబర్
ఒకడు టీవీలో హ్యారీ పోటర్ చూశాడట. అందులోని నెవిల్ గురించి అడిగాను. దోస్తుల్ని ఆపబోయినందుకు అతనికి డంబుల్‌డోర్ పది పాయింట్లిస్తాడు. “మనకూ పెట్టుండ్రి టీచర్, పాయింట్లు.”
బేతాళుడు పాయింట్లివ్వడు. సరైన జవాబు చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజు మళ్లీ మొదట్నుంచీ నడవాలి. అసలు కథలు పాతికే. అవి అయిపోయాక చందమామ కొత్తవి అల్లి అదే చెట్టుకు వేలాడదీసింది, ఏళ్ల తరబడి.
మంచికి ఫలితం మళ్లీ నడకేనా? పిల్లలకు ఇది ఎట్లా చెప్పేది...

26 నవంబర్
అన్నం దగ్గర గుడ్డు ఒకటి తక్కువైంది. చివర నిలబడ్డ పిల్లకు రాలేదు. శంఖచూడుడి తరఫున గొంతు చించుకున్నవాళ్లంతా పళ్లెంలోకి చూస్తున్నారు.
ఒకడు అంగీ అంచున వేలాడే దారం తెంపాడు. రెండు చేతులా బిగించి పట్టి తన గుడ్డును సగానికి కోశాడు. సొన చిట్లలేదు. సగం ఆమె పళ్లెంలో పెట్టి తినడం మొదలుపెట్టాడు.
కథప్పుడు నిద్రపోయేది వీడే.
మరి ఎక్కడ నేర్చాడు? ఇంట్లో ఎంతమందో. ఎన్నింటిని అట్లా కోసి పంచుతుందో వాళ్లమ్మ.

30 నవంబర్
నోటుబుక్కుల్లో నీతి గడి కొట్టేయించాను. ఆ చోట ‘నీకొచ్చిన ప్రశ్న’ అని రాయించాను. తండా పిల్ల అప్పుడే నింపింది: రోజూ ఒక పాము చస్తుంటే రాజు ముందే ఎందుకు ఆపలె?
కథ వింటే పిల్లలు మంచివాళ్లవుతారని ఇక ఎవరికీ చెప్పను. అడగడం నేర్చుకుంటారు, అంతవరకే. పంచుకోవడం ఇంట్లో చూసి నేర్వాల్సిందే.