పెనవేత, తలరాత

ఇ.వి.వి. సత్యనారాయణ గారి 'హలో బ్రదర్' (1994) మీలో చాలామంది చూసే ఉంటారు. ఇద్దరు నాగార్జునలు, దగ్గరకు వస్తే ఒకరి చేష్ట మరొకరిలో ప్రతిఫలిస్తుంది. క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ కూడా ఇదేనని తరచు వింటుంటాను. (నేను దీనిని 'పెనవేత' అంటాను, 'చిక్కు' అంటే విప్పదగినదనిపిస్తుంది.) కానే కాదు. ఒక కణాన్ని కొలిస్తే, రెండవదానిని మాత్రమే చూస్తున్నవారికి ఏ మార్పూ తెలియదు. రెండుచోట్ల వ్రాసుకున్న ఫలితాలను పక్కపక్కన పెట్టినపుడే సంబంధం బయటపడుతుంది.

"అయితే ఇద్దరికీ ముందే స్క్రిప్టు ఇచ్చేశారన్నమాట," అన్నారు మా బాబాయి. మద్రాసులో వేషాల కోసం తిరిగి, పరిశ్రమతోబాటు ఇక్కడికి వచ్చి, ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతులతోనే జీవితం గడిపినవారాయన. అంతా తలరాత అంటారు. 1935లో ఐన్‌స్టీన్ బృందం ఊహ కూడా ఇంచుమించు ఇదే: జవాబులు కణాలలో ముందే వ్రాసి ఉండాలని.

దానిని కొలిచి తేల్చవచ్చునని 1964లో జాన్ బెల్ చూపాడు. ఆయనకు డబ్బింగ్ భాషలోనే చెప్పాను. ఇద్దరు కళాకారులు వేర్వేరు గదుల్లో ఉన్నారు. రెండు ప్రశ్నలలో ఒకటి నాణెం ఎగరేసి ఒక్కొక్కరిని అడుగుతాము. జవాబు అవునో కాదో. ఇద్దరి జవాబులూ కలవాలి. ఇద్దరికీ రెండవ ప్రశ్నే వస్తే మాత్రం వేరుపడాలి. ఎంత గొప్ప స్క్రిప్టు వ్రాసుకున్నా సగటున నూటికి 75 కంటె ఎక్కువ గెలవలేరు. కాగితం మీద ప్రయత్నించండి, పది నిమిషాల పని. పెనవేసుకున్న కణాలను ప్రశ్నను బట్టి వేర్వేరు కోణాలలో కొలిచి జవాబిస్తే 85 దాకా వెళ్ళవచ్చు.

1972లో క్లౌజర్, 1982లో ఆస్పె కొలిచారు. ఇద్దరికీ జైలింగర్‌తో కలిపి 2022లో నోబెల్ వచ్చింది. నాకు ఎక్కువ నచ్చినది 2015 నాటి డెల్ఫ్ట్ ప్రయోగం. రెండు వజ్రాలలోని ఎలక్ట్రాన్లు, నడుమ 1.3 కిలోమీటర్లు. ఒకచోటి ప్రశ్న కాంతివేగంతో రెండవచోటికి చేరేలోపే అక్కడ కొలత ముగిసిపోతుంది. 245 ప్రయత్నాలలో 196 గెలుపులు. స్క్రిప్టయితే సగటున 184 దగ్గర ఆగాలి. కేవలం అదృష్టంతో అంత రావడానికి నూటికి నాలుగు పాళ్ళ అవకాశం ఉండేది. అదే ఏడాది వియన్నాలోను, అమెరికాలోని బౌల్డర్‌లోను ఫోటాన్లతో జరిగిన కొలతలు ఆ సందేహాన్నీ దాదాపు తుడిచేశాయి.

"అంటే నా తలరాత కూడా అబద్ధమేనా?" అని అడిగారు బాబాయి. కణాలు ఎవరి స్క్రిప్టు వారు జేబులో పెట్టుకుని తిరగడం లేదని మాత్రమే తేలిందని, మనిషి నుదుటిని ఎవరూ కొలవలేదని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ఆ నాలుగు గళ్ళ కాగితం ఇలా ఇమ్మన్నారు.